గోదావరి డెల్టాలో స్థలం, ఇల్లు, తోట కొనేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది రావులపాలెం పక్క ఊరు. బ్యాంకులో గృహరుణాలు చూస్తూ చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. సంక్రాంతి మూడు రోజులూ మా అరుగు మీద ఇవే మాటలు: "బాబాయ్ గారూ, ఫలానా చోట ఐదు సెంట్లు ఉందట, తీసుకోమంటారా?" ప్రతి ఏడాదీ ఒకే సంగతి నోటితో చెప్పే బదులు రాసి పెడుతున్నాను. ఇది చదివాక కూడా మీ దస్తావేజులు మీ వకీలుకు చూపించాకే డబ్బు కట్టండి.

చేతిలో పది లక్షలు ఉన్నాయి. ఇంకో పది లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి స్థలం కొంటే లాభమేనా?

నూటికి రెండు రూపాయలంటే వినడానికి చిన్న మాట. ఏడాదికి అది 24 శాతం. లెక్క వేద్దాం. స్థలం 20 లక్షలు. మీవి 10, అప్పు 10. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. పూర్తి ధరకు రాయించుకుంటే లక్షన్నర. మధ్యవర్తికి రెండు శాతం చొప్పున 40 వేలు. వడ్డీ నెలకు 20 వేలు, మూడేళ్లకు 7 లక్షల 20 వేలు. అన్నీ కలిపితే ఆ స్థలం మీకు 29 లక్షల 10 వేలకు పడింది. అంటే మూడేళ్లలో ధర 45.5 శాతం పెరిగితే మీకు నష్టం లేదు, అంతే. లాభం అక్కడి నుంచి మొదలవ్వాలి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ప్రామిసరీ నోటుకు మూడేళ్లకు కాలదోషం పడుతుంది. అందుకని మూడో ఏడు నిండకముందే అప్పిచ్చినాయన నోటు తిరగరాయమంటాడు. అప్పటిదాకా కట్టని వడ్డీ ఉంటే అదంతా కొత్త నోటులో అసలైపోతుంది. బారువడ్డీ అనుకుని తెచ్చిన అప్పు ఆ రోజు నుంచి చక్రవడ్డీయే.

ఖాళీ స్థలం నెలనెలా మీకు ఏమీ ఇవ్వదు. వడ్డీ కట్టాల్సింది మీ జీతం, మీ దుకాణం, లేదంటే దాళ్వా (రబీ) పంట. ఆ ఆదాయంలోంచి వడ్డీ కట్టి ఇల్లు గడవదంటే ఆ స్థలం ఎంత చవకైనా మీది కాదనుకోండి. నేను చూసిన మంచి స్థలాల్లో చాలావరకు అమ్ముడుపోయింది రేటు పడిపోయి కాదు, వడ్డీ తట్టుకోలేక.

బ్యాంకు అప్పు ఎంత వరకు వస్తుంది?

గృహరుణం 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం వరకు ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. ఇది గరిష్ఠ పరిమితి. మీకు ఎంత ఇవ్వాలన్నది మీ ఆదాయం, పాత అప్పులు, సిబిల్ స్కోరు చూసి బ్యాంకు తేలుస్తుంది. రిజిస్ట్రేషన్ ఖర్చు సాధారణంగా ఈ లెక్కలోకి రాదు, అది మీ చేతి డబ్బే. 40 లక్షల ఇల్లు కొనేవాళ్లు 8 లక్షలు ఉంటే చాలనుకుని వస్తారు. రిజిస్ట్రేషన్, మధ్యవర్తి ఖర్చులు, చిన్నాచితకా మరమ్మతులు కలిపి 12 లక్షలైనా పెట్టుకోమంటాను.

వరిచేనుకూ, కొబ్బరితోటకూ గృహరుణం రాదు. అనుమతి ఉన్న లేఅవుట్‌లో ప్లాటుకు స్థల రుణం వస్తుంది. అది కూడా ఫలానా గడువులోగా ఇల్లు కడతామన్న షరతు మీద ఇస్తారు. ఆ షరతు చదవకుండా సంతకం పెట్టేవాళ్లను చాలామందిని చూశాను.

ఈఎంఐ ఇరవై ఏళ్లకు పెట్టుకోవాలా, పదిహేనేళ్లకా?

30 లక్షల అప్పు, వడ్డీ 8.5 శాతం అనుకోండి. 20 ఏళ్లకైతే నెలకు సుమారు 26,035. మొత్తం మీద కట్టే వడ్డీ 32 లక్షల పైమాటే, అంటే తెచ్చిన అసలు కంటే ఎక్కువ. 15 ఏళ్లకైతే నెలకు 29,542, వడ్డీ 23 లక్షల చిల్లర. నెలకు మూడున్నర వేలు ఎక్కువ కడితే 9 లక్షలు మిగులుతున్నాయి.

అయినా నేను 20 ఏళ్లకే పెట్టుకోమని చెబుతాను. ఎందుకంటే గడువు పొడిగించుకోవడం కష్టం, ముందుగా కట్టడం సులువు. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందే తీర్చేస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదు. పంట డబ్బు వచ్చినప్పుడో, బోనస్ వచ్చినప్పుడో అసల్లో కట్టేయండి. కట్టినప్పుడు "ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించండి" అని రాతపూర్వకంగా అడగండి. మొత్తం ఈఎంఐలు ఇంటికి వచ్చే జీతంలో మూడో వంతు దాటనివ్వకండి.

చీటీ పాడి స్థలానికి కట్టొచ్చా?

రిజిస్టరైన చిట్‌ఫండ్ అయితే, కడుతున్న వాయిదాకు మీ ఆదాయం సరిపోతే, కట్టొచ్చు. 1982 చిట్‌ఫండ్ చట్టం కిందికి వచ్చే చీటీలో ఫోర్‌మన్ (చీటీ నడిపేవారి) కమిషన్ 7 శాతానికి మించకూడదు. వీధిలో నమ్మకం మీద నడిచే చీటీని నమ్మి మాత్రం స్థలానికి బయానా ఇవ్వకండి. చీటీ ఆగిపోతే బయానా కూడా పోతుంది, రెండు దెబ్బలూ ఒకేసారి.

స్థలం ఎప్పుడు వెళ్లి చూడాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

మనవాళ్లు స్థలాలు సంక్రాంతికి చూస్తారు, లేదా కాలువలు కట్టేసిన మే నెలలో చూస్తారు. రెండూ స్థలం అందంగా కనిపించే రోజులే. చూడాల్సింది ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లో. కాలువ నిండుగా పారుతూ, గోదావరి పోటు మీద ఉండి, మురుగు కాలువలు నీరు లాగలేక నిలబడినప్పుడు.

కిందటేడు ఆగస్టులో, మా బంధువుల కుర్రాడొకడితో కలిసి అమలాపురం అవతల ఒక లేఅవుట్‌కు వెళ్లాను. వేసవిలో వాడు తీసుకున్న ఫోటోలో ఎర్ర గ్రావెల్ రోడ్డు, తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్లు, గేటు. మేం వెళ్లిన రోజున ఆ రాళ్ల తలలు మాత్రమే నీటిపైన కనబడుతున్నాయి. ఒక రాయి మీద కొంగ నిలబడి ఉంది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి దిగితే పాదం కింద గ్రావెల్ తగల్లేదు, బంకమన్నే. పక్క చేలో కలుపు తీస్తున్న ఆవిడను "ఈ నీరు ఎటు పోతుందమ్మా?" అని అడిగాను. ఆవిడ కొడవలి చేత్తోనే ఒక మూల చూపించింది. "ఇదివరకు అటు పోయేదండీ. అక్కడ బోదె ఉండేది. రోడ్డేసినప్పుడు పూడ్చేశారు." కుర్రాడు ఏమీ మాట్లాడలేదు. బండి దగ్గరికి వచ్చాక మధ్యవర్తికి ఫోన్ చేసి వద్దని చెప్పేశాడు.

వర్షాకాలంలో వెళ్లడం కుదరకపోతే ఊళ్లో గుర్తులు ఉంటాయి. పాత ఇళ్ల అరుగులు ఎంత ఎత్తు కట్టుకున్నారో చూడండి. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ ఎత్తు చూడండి. గోడ మీద నీటి చార, కొబ్బరి మొదలు మీద బురద ఎండిన గీత కనిపిస్తాయి. 1986 ఆగస్టులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని పెద్దవాళ్లను అడగండి. ఆ వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు, రెండోది 13 లక్షలకు, మూడోది 17 లక్షలకు ఇస్తారు. "రెండో హెచ్చరికకు మీ రోడ్డు మునుగుతుందా?" అని ఆ వీధిలో ఉన్నవాళ్లను అడిగితే ఒక్క మాటలో చెబుతారు. భీమవరం వైపైతే యనమదుర్రు డ్రెయిన్ పొంగినప్పుడు ఏ వీధిలో పడవ అవసరం పడిందో అడగండి. మధ్యవర్తిని అడగకండి.

పల్లం స్థలం చవకగా వస్తోంది. మెరక చేసుకుంటే సరిపోదా?

సరిపోతుంది, ఖర్చు ముందే లెక్కవేస్తే. ఒక సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. ఐదు సెంట్లు 2,178. నాలుగు అడుగులు లేపాలంటే 8,712 ఘనపుటడుగులు, అంటే వంద ఘనపుటడుగులు ఒక యూనిట్ చొప్పున 87 యూనిట్ల మట్టి. పోసిన మట్టి అణిగిపోతుంది కాబట్టి ఇంకో పాతిక శాతం కలిపి 110 యూనిట్లు అనుకోండి. మీ ఊళ్లో యూనిట్ రేటు ఎంతో దానితో గుణించండి. అప్పుడు ఆ చవక స్థలం పక్కనున్న మెరక స్థలం కంటే ఎంత చవకో తేలుతుంది.

కొత్తగా పోసిన మట్టి మీద వెంటనే ఇల్లు కట్టకండి. కనీసం ఒక వర్షాకాలం అణగనివ్వండి. మనది చాలాచోట్ల నల్ల బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. మట్టి పరీక్ష చేయించి పైల్స్ (లోతుగా దింపే పునాది స్తంభాలు) అవసరమంటే వేయించండి. పునాదిలో మిగుల్చుకున్న లక్ష గోడ పగుళ్లలో పోతుంది.

లంక భూమి కొనొచ్చా? ఒండ్రు నేల, బంగారం పండుతుందంటున్నారు.

పండుతుంది. కానీ గోదావరి పాయల మధ్యనుండే ఈ లంకల్లో భూమి కదులుతుంది. ఒక ఒడ్డున కోత, ఇంకో ఒడ్డున మేట. కాగితం మీద ఎకరం ఉండి, నేల మీద అరెకరం మిగిలిన రైతులున్నారు. పైగా అక్కడ చాలా భూమి ప్రభుత్వానిది, డీ పట్టాలది (ప్రభుత్వం పేదలకు కేటాయించింది), లీజులది. సాగు చేసుకునేవాళ్లకు తప్ప పెట్టుబడి కోసం కొనేవాళ్లకు నేను చెప్పను.

ఏ ఏ కాగితాలు చూడాలి?

మొదట అమ్మేవారి దస్తావేజు, దానికి ముందున్న లింకు దస్తావేజులు, కనీసం ముప్పై ఏళ్ల వరకు. నకళ్లు కాదు, అసలువి. "అసలు కాగితాలు బీరువాలో ఉన్నాయి, రిజిస్ట్రేషన్ రోజున తెస్తాను" అన్నారంటే అవి ఎక్కడో తాకట్టులో ఉన్నాయేమోనని అనుమానించండి. తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయని గుర్తుంచుకోండి. రిజిస్టర్ చేయని పంపకం, వీలునామా, నోటుమీద అప్పు దానిలో ఉండవు. బ్యాంకు తాకట్టు ఉందేమోనని సెర్‌సాయ్ వెబ్‌సైటులో కొద్ది ఫీజు కట్టి ఎవరైనా వెతకొచ్చు. మన వైపు ఈ పని చేసేవాళ్లు బహు తక్కువ.

వ్యవసాయ భూమైతే ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్ (సాగు వివరాలు), 1-బి (యాజమాన్య వివరాలు) చూడండి. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. దస్తావేజులో పాత నంబరు, 1-బిలో కొత్త నంబరు ఉంటే రెండూ ఒకే భూమికి చెందినవని, విస్తీర్ణం తేడా లేదని తేల్చుకోవాలి. రీసర్వేలో రెండు మూడు సెంట్లు తగ్గిన కమతాలు ఉన్నాయి. ధర సెంటు లెక్కన మాట్లాడుకున్నప్పుడు ఆ తేడా ఎవరిదో ముందే రాసుకోండి.

రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22-ఎ జాబితా తప్పనిసరిగా చూడండి. ప్రభుత్వ భూమి, దేవుడి మాన్యం, వక్ఫు భూమి, అసైన్డ్ భూమి అందులో ఉంటాయి. అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. తర్వాత కొన్ని సవరణలు వచ్చాయి కానీ, మీ సర్వే నంబరుకు అవి వర్తిస్తాయో లేదో తహసీల్దారు ఆఫీసు నుంచి రాతలో తెచ్చుకోండి. నోటిమాట వద్దు.

చివరగా నేల మీదికి సర్వేయర్‌ను తీసుకెళ్లండి. మన వైపు గొడవలన్నీ పుంత (ఊరి బండిదారి) దగ్గర, బోదె (చిన్న కాలువ) దగ్గర, కాలువగట్టు పోరంబోకు దగ్గరే. స్థలానికి వెళ్లే దారి పుంతా, పక్క రైతు గట్టా, అమ్మేవారి సొంతమా? దస్తావేజులో దారి హక్కు రాసి ఉందా? దారిలేని అరెకరం కంటే దారున్న పదిసెంట్లు మేలు.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద కొనడం గురించి కూడా అడుగుతుంటారు. జీపీఏ అమ్మకం వల్ల యాజమాన్యం రాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మరో మాట లేదు.

అమ్మేవారి అక్కచెల్లెళ్ల సంతకాలు అవసరమా? వాళ్లకు పెళ్లప్పుడు ఇచ్చేశారుగా?

తాతల నాటి ఆస్తి అయితే అవసరం. మన రాష్ట్రంలో అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు 1985 సెప్టెంబరు నుంచే ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది. 2005 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకూ వచ్చింది. పసుపు కుంకుమ కింద ఇచ్చామని నోటితో చెప్పుకున్నదాన్ని చూపించి, వాళ్లకు వాటా తీరిపోయిందనడం కుదరదు. అందరు అక్కచెల్లెళ్ల చేతా దస్తావేజులో సంతకం చేయించుకోండి. ఒకావిడ మస్కట్‌లో ఉంటే ఆవిడ తరఫున సంతకం చేయడానికి అక్కడి ఎంబసీ నుంచి పవర్ ఆఫ్ అటార్నీ తెప్పించుకోండి. ఆలస్యమైతే కానివ్వండి.

అదే విధంగా, పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం చేతిలో ఉన్న ఆడవాళ్లు ఈ పేజీ చదువుతుంటే, అది మీ పేరున రిజిస్టర్ అయ్యిందో లేదో ఈ వారమే చూసుకోండమ్మా. అన్నదమ్ములు బతికుండగా, మాటలు బాగున్నప్పుడే చేయించుకోవాలి.

రైలు వస్తుందంటున్నారు, హైవే వస్తుందంటున్నారు. ముందే కొని పెట్టుకోవచ్చా?

కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000 ప్రాంతంలో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ట, మూడు పాయల మీదా వంతెనలు కావాలి. పాతికేళ్లు గడిచినా ఆ దారిలో రైలెక్కి నరసాపురం వెళ్లినవాళ్లు లేరు. ఈలోపు "స్టేషన్ పక్కనే" అని ఎన్ని ప్లాట్లు అమ్ముడుపోయాయో.

నేనూ, మా తోడల్లుడూ కలిసి అలాంటి లేఅవుట్‌లోనే 2008లో చెరో ఆరు సెంట్లు కొన్నాం. బ్యాంకులో పనిచేసే నేను మావైపు నుంచి చూడాల్సిన ఎల్పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు అడగలేదు. అమ్మినాయన పరిచయస్తుడు. "వచ్చేస్తుంది, ఫైలు కదులుతోంది" అన్నాడు. ఫైలు కదల్లేదు. రోడ్డుగా చూపించింది సగం పుంత, సగం పక్కవాళ్ల చేను అని తర్వాత తేలింది. ఏడేళ్లు ఉంచి అమ్మేస్తే కొన్న ధర వచ్చింది. ఆ ఏడేళ్ల వడ్డీ మా ఆవిడ గాజుల మీద తెచ్చిన అప్పుది. ఆ గాజులు మళ్లీ చేయించడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. ఈ మాట రాయడం నాకు ఇప్పటికీ కష్టమే. కానీ ఆ తప్పు ఇంకొకరు చేయకూడదని రాస్తున్నాను.

2022 ఏప్రిల్లో అమలాపురం, భీమవరం జిల్లా కేంద్రాలయ్యాయి. అలా జరిగిపోయిన మార్పును చూసి కొనొచ్చు. జరగబోయేదానికి ఈరోజే ధర కట్టకండి.

లేఅవుట్‌లో కొనేటప్పుడు ఒక్క ప్రశ్నే అడగాలంటే?

ఎల్పీ నంబరు ఎంత? దాన్ని పట్టణ ప్రణాళిక విభాగంలో సరిచూసుకోండి. పంచాయతీ సర్పంచి సంతకం ఉందన్నది జవాబు కాదు. వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలంగా మార్చినందుకు ఆనాటి నిబంధన ప్రకారం ఉండాల్సిన కాగితం కూడా చూపించమనండి. ఆ మార్పిడి నిబంధనలు తరచూ మారుతుంటాయి కనుక కొనే నాటికి ఏది అమల్లో ఉందో సచివాలయంలో కనుక్కోండి.

అపార్టుమెంటు కడుతున్నారు. ప్రీలాంచ్‌లో ఇప్పుడే సగం కడితే తగ్గిస్తామంటున్నారు.

500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనైనా, ఎనిమిదికి మించిన ఫ్లాట్లైనా, రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన కూడా వేయకూడదు. అమ్మకం అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదార్ల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచి ఆ కట్టుబడికే వాడాలి. ఇవన్నీ 2016 చట్టంలో ఉన్నవే. సగం డబ్బు ముందే అడుగుతున్నారంటే వాళ్లకు బ్యాంకు అప్పు పుట్టలేదని అర్థం చేసుకుంటాను నేను. ధర కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే స్థలం) మీద అడగండి, స్థలంలో మీ అవిభక్త వాటా ఎన్ని గజాలో దస్తావేజులో రాయించండి. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టుబడి లోపం బయటపడితే బిల్డరే బాగుచేయించాలి.

మా అబ్బాయి కువైట్‌లో ఉన్నాడు. తన పేరున రెండెకరాల కొబ్బరితోట కొంటాడట.

కొనకూడదు. ఎన్నారైలు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనడానికి ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) ఒప్పుకోదు. అమెరికాలో ఇంజనీరైనా, కువైట్‌లో డ్రైవరైనా ఒకటే నిబంధన. వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. ఇళ్ల స్థలం, ఇల్లు, ఫ్లాటు, దుకాణం కొనొచ్చు, డబ్బు విదేశం నుంచి బ్యాంకు ద్వారా గానీ, ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ లాంటి ఖాతా నుంచి గానీ రావాలి.

డబ్బు పంపించి నాన్న పేరున తోట కొనిపిస్తే, అది నాన్నగారి ఆస్తి. ఆయన తదనంతరం పిల్లలందరికీ వాటా వస్తుంది. ఎండలో పదేళ్లు కష్టపడి పంపిన డబ్బు ఇలా చీలిపోయి, అన్నదమ్ములు ఎడమొహం పెడమొహం అయిన ఇళ్లు రాజోలు వైపు, నరసాపురం వైపు తక్కువేం కాదు. ముందే అందరూ కూర్చుని మాట్లాడుకుని వకీలు దగ్గర తేల్చుకోండి.

బావగారితో కలిసి కొనడం మంచిదేనా?

కొనొచ్చు. ఎవరు ఎంత పెట్టారో దస్తావేజులోనే వాటాలుగా రాయండి. ఒకరు అమ్ముకుంటానంటే రెండోవారు ఏ లెక్కన కొనాలో వేరే కాగితం రాసుకోండి. మా తోడల్లుడూ నేనూ ఇప్పటికీ ఒక కంచంలో తింటున్నామంటే చెరో ప్లాటు వేరువేరుగా రిజిస్టర్ చేయించుకున్నాం కాబట్టే.

వరిచేను కౌలుకిస్తే భూమి పోతుందని భయం.

2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద రాసే ఒప్పందం 11 నెలలకే. దానివల్ల కౌలుదారుకు పంట మీద, పంట రుణం మీద, నష్టపరిహారం మీద హక్కు వస్తుంది, భూమి మీద రాదు. భయపడి కాగితం రాయకుండా ఉంటే తుఫానులో పంట పోయిన ఏడాది పరిహారం మీ ఖాతాలో పడుతుంది, పెట్టుబడి పోగొట్టుకున్న కౌలురైతు చేతికి ఏమీ రాదు. అది అన్యాయం. పైగా ఆ ఏడాది అతను మీకు బస్తాలు కొలవలేడు.

మక్తా (కౌలు ధాన్యం) సార్వాకు (ఖరీఫ్‌కు) ఎన్ని బస్తాలు, దాళ్వాకు ఎన్ని, బస్తా 75 కిలోలా, ధాన్యం ఇస్తారా, ఆ రోజు ధర ఇస్తారా అన్నవి రాసుకోండి. దాళ్వాకు నీరివ్వని ఏడాది సంగతీ రాసుకోండి. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక సార్వానే మానేసి పంట విరామం ప్రకటించారు. మురుగు పోని చేలకు ఆ బెడద ఎప్పుడూ ఉంటుంది. ఎకరా కొనేటప్పుడు ఆ కౌలు ఆదాయాన్ని ధరతో భాగించి చూడండి. బ్యాంకు వడ్డీలో సగం కూడా రాదు. అప్పు చేసి చేను కొనవద్దనడానికి ఇదే కారణం.

కొబ్బరితోట?

ఎకరానికి 60, 70 చెట్లు. రెండు నెలలకోసారి దింపు. దింపు కూలీ, ఒలుపు కూలీ, ఎరువు పోను మిగిలింది ఆదాయం. అంబాజీపేట మార్కెట్ ధరను ఒక ఏడాది పాటు గమనించకుండా కొనకండి, ఎక్కువ ధర చూసిన నెలలోనే అందరికీ తోట కొనాలనిపిస్తుంది. ఆకుల అడుగున తెల్లదోమ, పైన నల్ల మసి ఉందేమో చూడండి. చెట్ల వయసు అడగండి. 1996 నవంబరు తుఫానుకు పడిపోయి మళ్లీ నాటుకున్న తోటలు, అంతకుముందు నుంచి నిలబడ్డ ముసలి తోటలు పక్కపక్కనే ఉంటాయి. రెండింటికీ ఒకే ధర చెబితే ఒప్పుకోకండి.

చేను తవ్వించి రొయ్యల చెరువుకు లీజుకిస్తే కౌలుకంటే ఎక్కువ వస్తుందట కదా?

వస్తుంది, కొన్నేళ్లు. వైరస్ వచ్చినా, ధర పడిపోయినా లీజుదారు మధ్యలో వదిలేసి పోతాడు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు వనామీ రైతులు ఎంత గాబరా పడ్డారో భీమవరం వైపు వాళ్లకు తెలుసు. తవ్విన చేను మళ్లీ చేను కావాలంటే మట్టి పూడ్చాలి, ఉప్పు కడగాలి. మీ చెరువు ఉప్పు పక్కాయన వరిలోకి దిగితే అతని కుటుంబానికి మీరే జవాబు చెప్పాలి. అనుమతి లేకుండా తవ్వకండి. లీజు కాగితంలో కరెంటు బాకీ, గట్ల మరమ్మతు, అడ్వాన్సు ఎవరివో రాయండి. నా మట్టుకు నేను పక్క చేలున్నచోట తవ్వించను.

అద్దెకివ్వడానికి ఇల్లు కొంటే గిట్టుబాటవుతుందా?

50 లక్షల ఫ్లాటుకు నెలకు 12 వేలు అద్దె వస్తే ఏడాదికి లక్షా 44 వేలు, మూడు శాతం లోపే. దానిలోంచి ఇంటిపన్ను, మెయింటెనెన్సు, ఖాళీగా ఉన్న నెలలు తీసేయాలి. అప్పు మీద కొంటే అద్దె ఈఎంఐలో సగం కూడా కట్టదు. చేతి డబ్బుతో, కాలేజీలూ ఆసుపత్రులూ ఉన్న వీధిలో, పాత ఇల్లు బాగుచేసి ఇచ్చినవాళ్లే బాగుపడటం చూశాను.

మన నేలలో చెమ్మ ఎక్కువ. గోడ అడుగున ఉప్పు పట్టి ప్లాస్టరు రాలుతుంది, సముద్రం దగ్గరైతే శ్లాబులో ఇనుము తుప్పు పడుతుంది. ఏడాదికి ఒక నెల అద్దె మరమ్మతులకని విడిగా పెట్టండి. అద్దె ఒప్పందం 11 నెలలకు రాసుకోండి. కరెంటు బిల్లు, నీటి పన్ను ఎవరిదో ముందే మాట్లాడుకోండి. తీర ప్రాంత మండలాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయేమో గ్లాసుడు తాగి చూశాకే కొనండి.

అమ్మినప్పుడు పన్ను ఎంత?

రెండేళ్లకు పైగా ఉంచుకున్న స్థలం, ఇల్లు అమ్మితే లాభం మీద 12.5 శాతం. 2024 జులై 23కు ముందు కొన్నదైతే, ఇక్కడ నివసించేవాళ్లు ద్రవ్యోల్బణం లెక్కతో 20 శాతం పద్ధతినీ చూసుకుని ఏది తక్కువైతే అది కట్టొచ్చు. పల్లెలో వ్యవసాయ భూమికి ఈ పన్నే లేదు. పల్లె అంటే మున్సిపాలిటీ జనాభా పదివేలు దాటి లక్ష వరకు ఉంటే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్ల అవతల, లక్ష దాటి పది లక్షల వరకు ఉంటే 6 కిలోమీటర్ల అవతల. అమలాపురం పక్క చేనుకూ, రాజమండ్రి పక్క చేనుకూ లెక్క వేరన్నమాట. ప్లాట్లుగా మార్చి అమ్మితే మాత్రం అది చేను కాదు.

ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవారు ఒక శాతం టీడీఎస్ కట్టాలి. అమ్మేవారు ఎన్నారై అయితే అది ఇంకా ఎక్కువ, అప్పుడు ఆడిటర్ లేకుండా అడుగు వేయకండి. స్థలానికి బయానాగానైనా 20 వేలు, ఆపైన నగదు ఇవ్వకండి, తీసుకోకండి.

మేం హైదరాబాదులో ఉంటాం. ఊళ్లో స్థలం ఎవరు చూసుకుంటారు?

నాలుగు మూలలా సిమెంటు రాళ్లు, చుట్టూ కంచె వేయించండి. ఆ రోజు సరిహద్దుల రైతులను పిలిచి వాళ్ల ఎదుటే వేయించి ఫోటో తీసుకోండి. ఇంటిపన్ను, ఖాళీ స్థలం పన్ను రశీదులు మీ పేరునే ఉండాలి. ఏడాదికోసారి ఈసీ తీసి చూసుకోండి, మీరు చేయని లావాదేవీ అందులో కనబడితే ఆ రోజే వకీలు దగ్గరికి వెళ్లండి. ఊళ్లో ఒకరిని చూస్తుండమని అడిగితే వాళ్లకు ఏడాదికి ఇంత అని ఇవ్వండి, ఊరికే చేయించుకోకండి. ఇక వానాకాలంలో ఒక్కసారైనా రండి. సెప్టెంబరులో ఒక ఆదివారం ఉదయం గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగి, గొడుగు పట్టుకుని మీ స్థలంలో ఒక గంట నిలబడండి. నీరు ఎటునుంచి వస్తోందో, ఎటు పోతోందో, పోకుండా ఎక్కడ ఆగుతోందో మీకే కనబడుతుంది.